డిస్కు ఆగిందా లేదా చూసుకుని కదలండి

ప్రశ్న: నేను పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తాను. నా ల్యాప్‌టాప్ ఏడెనిమిదేళ్ళ పాతది, లోపల 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. పెళ్ళి ఒక ఊళ్ళో, రిసెప్షన్ ఇంకో ఊళ్ళో అయితే టైమ్ కలిసొస్తుందని కార్లో ఒళ్ళో పెట్టుకుని కార్డులు కాపీ చేసుకుంటూ వెళతాను. దగ్గరి ఊరైతే మూత మూసి, బ్యాగులో వేసుకుని బండి మీద పోతాను. మొన్న కాపీ మధ్యలో కారు పెద్ద గుంతలో పడి, ల్యాప్‌టాప్ ఎగిరి డోర్‌కి తగిలింది. అప్పటి నుంచి అప్పుడప్పుడు సిస్టమ్ బిగుసుకుపోయి లోపల టిక్ టిక్ మంటోంది. మంచి బ్యాగు కొంటే చాలని మా అసిస్టెంట్ అంటున్నాడు. నిజమేనా? అటూ ఇటూ తిప్పేటప్పుడు హార్డ్ డిస్క్ పాడవకుండా ఏం చేయాలి? వచ్చే నెల ఫ్లైట్‌లో కూడా తీసుకెళ్ళాలి.
– ఒక ఫోటోగ్రాఫర్, జనగామ జిల్లా

జవాబు: బ్యాగు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ టిక్ టిక్ సంగతి తేలాలి.

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పనేమీ లేనప్పుడు అప్పుడప్పుడు మెత్తగా ఒక్కసారి 'టక్' అనడం మామూలే. లోపల డేటా చదివే, రాసే ముల్లులాంటి భాగం, అంటే హెడ్, పక్కకి వెళ్ళి తన చోట్లో కూర్చున్న చప్పుడది. అదే చప్పుడు లెక్కగా, వరసగా వస్తూ, సరిగ్గా అప్పుడే స్క్రీన్ బిగుసుకుపోతుంటే మాత్రం, హెడ్‌కి కావాల్సిన చోటు దొరక్క మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటోందని అర్థం. అలాంటి డిస్కు ఇంకా ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు. ఈ పూట ఎడిటింగ్ ఆపేయండి. ల్యాప్‌టాప్‌ని కదలని టేబుల్ మీద పెట్టి, ఇంకో డిస్కు తగిలించి, ముందుగా ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళ ఒరిజినల్స్ కాపీ చేసుకోండి. తర్వాత ఆల్బమ్ డిజైన్ ఫైళ్ళు. పాటలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్లు పోతే పోనివ్వండి, అవి మళ్ళీ దొరుకుతాయి. ఏదైనా ఫోల్డర్ దగ్గర కాపీ ఆగిపోతే దాంతో కుస్తీ పట్టకుండా వదిలేసి తర్వాతి ఫోల్డర్‌కి వెళ్ళండి.

చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రామ్) పెట్టమనో, డిఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్ళని ఒక చోటికి సర్దడం) చేయమనో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. దెబ్బ తిన్న డిస్కు చేత అవి గంటలకొద్దీ పని చేయిస్తాయి, పైగా దాని మీద మళ్ళీ రాస్తాయి. డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందనే పాత చిట్కా జోలికి అసలు పోవద్దు, లోపల తేమ చేరి మిగిలిన ఆశ కూడా పోతుంది. కాపీ మధ్యలో డిస్కు కనపడకుండా పోతే ఆన్, ఆఫ్ అని ఆడుకోకుండా ఆపేసి, డేటా రికవరీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. డిస్కు మూత తెరవాల్సి వస్తే దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉందా అని ముందే అడగండి. కౌంటర్ మీదే స్క్రూ డ్రైవర్ పెట్టి తెరిచేవాళ్ళకి మాత్రం ఇవ్వకండి.

మొన్నటి పెళ్ళి కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే మీరు అదృష్టవంతులు, వాటిని పక్కన దాచేయండి. ఫార్మాట్ చేసినా మళ్ళీ వాటి మీద షూట్ చేయకపోతే, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు ఫోటోలు బయటికి వస్తాయి.

ఇక అసలు ప్రశ్న. హార్డ్ డిస్క్‌కి కుదుపు అంటే ఎందుకంత భయమో తెలిస్తే, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు అక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

హార్డ్ డిస్క్ లోపల డేటా ఉండేది గుండ్రటి పళ్ళెం మీద. ల్యాప్‌టాప్ డిస్కుల్లో అది ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90. పళ్ళెం అంచు దగ్గర ఆ వేగం గంటకి 60 కిలోమీటర్ల పైనే, మీ బండి వేగమన్నమాట. ఆ తిరుగుడికి పుట్టే గాలి పొర మీద హెడ్ తేలుతూ ఉంటుంది. హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య సందు కొన్ని నానోమీటర్లే. మన తల వెంట్రుక దానికన్నా వేల రెట్లు మందం. ఆ స్థితిలో గట్టి దెబ్బ తగిలితే హెడ్ వచ్చి పళ్ళెం మీద కొట్టుకుంటుంది. అక్కడ గీత పడితే ఆ చోట రాసినదంతా పోయినట్టే. లేచిన పొడి ఇంకో చోట ఇంకో గీతకి కారణమవుతుంది. గుంతలో పడ్డ రోజు బాగానే ఉండి, వారం తర్వాత చచ్చిపోయే డిస్కుల కథ చాలావరకు ఇదే.

అదే డిస్కు ఆగి ఉంటే? తిరగడం ఆగే ముందే హెడ్ పళ్ళెం మీద నుంచి తప్పుకుని, అంచు పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ ర్యాంప్ మీదికి ఎక్కి కూర్చుంటుంది. కింద పళ్ళెమే లేనప్పుడు కొట్టుకోవడానికి ఏముంది? 1980ల నాటి పీసీలలో ఈ సౌకర్యం కూడా లేదు. కంప్యూటర్‌ని పక్క గదికి మార్చాలన్నా ముందు 'పార్క్' అనే కమాండ్ కొట్టి, హెడ్‌ని డేటా లేని చోటికి పంపి, అప్పుడు ఆఫ్ చేసేవాళ్ళు. ఇప్పటి డిస్కులు ఆ పని వాటంతట అవే చేసుకుంటాయి. కరెంటు టక్కున పోయినా, ఇంకా తిరుగుతున్న పళ్ళెం ఊపులోంచే కరెంటు పుట్టించుకుని హెడ్‌ని ర్యాంప్ మీదికి చేరుస్తాయి.

కంపెనీలు ఇచ్చే స్పెసిఫికేషన్లలో ఈ తేడా అంకెల్లోనే కనపడుతుంది. మామూలు ల్యాప్‌టాప్ డిస్కు తిరుగుతున్నప్పుడు 350–400 జీ దాకా, ఆగి ఉన్నప్పుడు 1000 జీ దాకా దెబ్బ తట్టుకుంటుందని రాస్తారు. ఇక్కడ జీ అంటే గురుత్వాకర్షణకి ఎన్ని రెట్లు అని. 400 అంటే చాలా ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ చిన్న లెక్క వేయండి. వస్తువు ఎంత ఎత్తు నుంచి పడిందో దాన్ని, కింద తగిలాక ఎంత దూరంలో ఆగిందో దానితో భాగిస్తే, సగటున ఎన్ని జీల దెబ్బో వస్తుంది. 75 సెంటీమీటర్ల టేబుల్ మీద నుంచి గ్రానైట్ ఫ్లోర్ మీద పడి 2 మిల్లీమీటర్లలో ఆగితే 375 జీ. అదే ల్యాప్‌టాప్ స్పాంజ్ ఉన్న బ్యాగులో పడి 2 సెంటీమీటర్లు అణిగి ఆగితే 37. మీ అసిస్టెంట్ మాటలో నిజం అంతవరకు ఉంది. బ్యాగు దెబ్బని తగ్గిస్తుంది, కానీ తిరుగుతున్న డిస్కుని ఆపలేదు.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ని ఒక పక్క ఎత్తి, కింద మౌస్ వైరు తీసి, టప్‌మని వదిలేస్తాం. ఎత్తు 5 సెంటీమీటర్లే. రాతి బల్ల మీద అర మిల్లీమీటరులో ఆగితే అదీ 100 జీ. రోజుకి నాలుగుసార్లు అలా వదులుతుంటే డిస్కు ఏమనుకుంటుందో ఊహించుకోండి. నన్నడిగితే హార్డ్ డిస్కులకి బండి ప్రయాణాల కన్నా టేబుల్ మీద మనం చేసే ఈ మోటు పనులే ఎక్కువ హాని చేస్తాయి.

అయితే మీ కారు సంగతి? ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్‌కి గుంతల వల్ల తగిలే కుదుపు మామూలుగా కొద్ది జీలే ఉంటుంది, తొడలే స్పాంజ్‌లా పనిచేస్తాయి. మిమ్మల్ని దెబ్బ కొట్టింది గుంత కాదు, డోర్. గట్టి ప్లాస్టిక్‌కి అంచు తగిలిన ఆ ఒక్క క్షణంలో జీలు వందల్లోకి పోతాయి. అయినా సరే, తిరిగే డిస్కుతో కార్లో కాపీ వద్దే వద్దు. సన్నటి అదురుకి కూడా హెడ్ తను రాస్తున్న వరస నుంచి పక్కకి తప్పుతుంది, మళ్ళీ దారిలో పడి మళ్ళీ రాస్తుంది. అరగంట కాపీ గంట అవుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని పట్టుకుని పక్కకి వంచబోతే ఎదురు తిరిగినట్టే, మలుపుల్లో ల్యాప్‌టాప్ వాలినప్పుడల్లా పళ్ళెం కూడా మొండికేస్తుంది, ఆ బరువంతా దాని ఇరుసు మీద పడుతుంది.

అదురు అన్నాను కదా, మీ వృత్తిలో ఇంకో గండం ఉంది, డీజే బాక్సులు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు ఒకాయన డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ అరుపుకే డిస్కుల పని నెమ్మదించడాన్ని గ్రాఫ్‌లో చూపిస్తూ వీడియో తీశారు. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఒకరు ఇంకో పాత ముచ్చట బయటపెట్టారు. ఒక పాప్ పాట మోగితే నిమిషానికి 5400 చుట్ల డిస్కున్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు క్రాష్ అయ్యేవట, పక్క టేబుల్ మీది ల్యాప్‌టాప్‌లో పాట పెట్టినా సరే. అలాంటిది బరాత్‌లో బేస్ బాక్సు పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి కార్డు కాపీ పెడితే ఎలా ఉంటుంది? బాక్సుల మీద పెట్టడం మరీ దారుణం. పెళ్ళివారిని అడిగి ఒక గది తీసుకోండి, లేదా వంటశాల వైపు ఎక్కడైనా కూర్చోండి.

ఇప్పుడు బండి. మూత మూస్తే స్లీప్‌లోకి వెళుతుంది, స్లీప్‌లో డిస్కు ఆగుతుంది. ఇక్కడిదాకా సరే. తంటా రెండు చోట్ల. మొదటిది, మూత మూసిన వెంటనే బ్యాగులో కుక్కేయడం. లైటు మెల్లగా వెలిగి ఆరడం మొదలయ్యేదాకా, అడుగున చెయ్యి పెడితే సన్నటి గిర్రుమనే అదురు ఆగేదాకా, ఓ పదిహేను సెకన్లు ఆగండి. రెండోది, స్లీప్‌లో ఉన్నది స్లీప్‌లోనే ఉంటుందన్న నమ్మకం. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ దానికే ఉండిపోయి, మౌస్ బ్యాగులో నలిగితే లేస్తుంది. అర్ధరాత్రి అప్‌డేట్ టైమ్ అయిందని లేస్తుంది. లేచిందంటే మీరు గతుకుల రోడ్డు మీద ఉండగా బ్యాగులో డిస్కు తిరుగుతూ, వేడెక్కుతూ ఉంటుంది. ఇంటికొచ్చి తీసేసరికి ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోందంటే జరిగింది ఇదే.

అందుకని బండి ఎక్కే ముందు షట్‌డౌన్ చేయండి. ఎడిటింగ్ ఫైళ్ళన్నీ మూసి మళ్ళీ తెరవడం బద్ధకమైతే హైబర్నేట్ ఉంది. తెరిచి ఉన్న పనంతా డిస్కులో రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది. విండోస్‌లో ఇది కనపడకుండా దాగి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్‌కి టిక్ పెట్టండి. మూత మూస్తే స్లీప్‌కి బదులు హైబర్నేట్ అయ్యేలా కూడా అక్కడే మార్చుకోవచ్చు. మీరు చేయాల్సిన ఒక్క సెట్టింగు అదే. అది రాసుకోవడానికి కాస్త సమయం పడుతుంది, డిస్కు లైటు పూర్తిగా ఆరాకే ఎత్తండి.

బ్యాగు కొనేటప్పుడు పైకి ఎంత లావుగా ఉందని కాదు, అడుగు చూడండి. చాలా బ్యాగుల్లో రెండు పక్కలా స్పాంజ్ ఉంటుంది కానీ, కింద ఒట్టి గుడ్డే. భుజం మీద నుంచి దించి నేల మీద పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ అంచు నేరుగా నేలకి తగులుతుంది. ల్యాప్‌టాప్ పెట్టే అరని బ్యాగు అడుగు దాకా దిగకుండా పైనే వేలాడేలా కుట్టిన బ్యాగు మంచిది. బండి మీద వీపుకి తగిలించుకోండి, మీ ఒళ్ళు సగం కుదుపు మింగేస్తుంది. స్కూటీ ఫుట్‌బోర్డ్ మీద పెడితే ప్రతి స్పీడ్ బ్రేకరూ నేరుగా దానికే. ఛార్జర్ ఇటుకని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టకండి. మే నెలలో ఎండలో ఆపిన కారులో కూడా వదలకండి. డిస్కు కన్నా ముందు బ్యాటరీ ఉబ్బుతుంది.

పడిపోతే తనే కాపాడుకునే ల్యాప్‌టాప్‌లు ఉన్నాయని మీరు వినే ఉంటారు. ఉన్నాయి. 2003లో ఐబీఎం థింక్‌ప్యాడ్‌లలో, 2005లో యాపిల్ పవర్‌బుక్‌లలో ఆ సెన్సర్ వచ్చింది, తర్వాత హెచ్‌పీ, డెల్, తోషిబా కూడా పెట్టాయి. కిందికి పడుతున్నట్టు పసిగట్టగానే హెడ్‌ని ర్యాంప్ మీదికి పంపేస్తుంది. టేబుల్ ఎత్తు నుంచి నేలకి చేరడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది, ఆ లోపు పని జరిగిపోవాలి. 5 సెంటీమీటర్ల నుంచి అయితే 0.1 సెకనే, దానికంత టైమ్ ఉండదు. కారు డోర్ దెబ్బకి అసలు హెచ్చరికే ఉండదు. పైగా చాలావాటిలో ఇది డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటేనే పనిచేస్తుంది. షాపులో విండోస్ మళ్ళీ వేయించినప్పుడు ఆ డ్రైవర్ వేసే ఓపిక ఎవరికుంటుంది? ఉంటే మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్రం ఉండకండి.

ఎక్స్‌టర్నల్ డిస్కు ఇంకా సున్నితం. దాని చుట్టూ ల్యాప్‌టాప్ బరువు కూడా లేదు, కాలికి కేబుల్ తగిలితే చాలు, ఎగిరి పడుతుంది. కాపీ అయ్యాక సేఫ్‌గా రిమూవ్ కొట్టి, తిరగడం ఆగిందని తెలిశాకే చేత్తో పట్టుకోండి. విడిగా అడాప్టర్ పెట్టే పెద్ద డిస్కులు తిరిగేటప్పుడు 70–80 జీ మాత్రమే తట్టుకుంటాయి. అవి ఆఫీసు దాటకూడదు.

ఫ్లైట్‌కి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేకి హార్డ్ డిస్క్ ఏమీ కాదు. ల్యాప్‌టాప్, డిస్కులు చేతి బ్యాగులోనే పెట్టుకోండి, చెక్-ఇన్ సామాన్లు విసిరే తీరు మీకు తెలిసిందే. కెమెరా విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు ఎలాగూ చేతి బ్యాగులోనే ఉండాలి, అది రూలు. ఏసీలోంచి విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్ళో బయటికి తీసినప్పుడు లెన్సు మీద మంచు పడుతుంది కదా, ల్యాప్‌టాప్‌కీ అంతే. కాసేపు బ్యాగులోనే ఉంచి, ఆ తర్వాత ఆన్ చేయండి. ఒకవేళ ప్రీ-వెడ్డింగ్ షూట్ లద్దాఖ్‌లో అయితే హార్డ్ డిస్క్ తీసుకెళ్ళొద్దు. హెడ్ తేలడానికి గాలి కావాలి. చాలా డిస్కులు సుమారు 3,000 మీటర్ల ఎత్తు దాకే అని కంపెనీలు రాస్తాయి, లేహ్ దాన్ని దాటిపోయింది.

ఇంత జాగ్రత్త మీ వల్ల అవుతుందా అంటే, ముహూర్తానికీ అప్పగింతలకీ మధ్య నిద్ర లేకుండా పరిగెత్తేవాళ్ళ వల్ల కాదనే నా అనుమానం. అందుకే నా సలహా: ఈ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే డేటాని చిప్పుల్లో దాచే డ్రైవ్, వేయించండి. లోపల తిరిగేది లేదు, తేలేది లేదు. మీ కాలం ల్యాప్‌టాప్‌లలో 7 మిల్లీమీటర్ల 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ చాలావరకు అదే చోట సరిపోతుంది. షాపులో మోడల్ చెప్పి రూఢి చేసుకోండి. కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే దీనికయ్యేది చాలా తక్కువ, ఎడిటింగ్ కూడా వేగం పుంజుకుంటుంది. పాత డిస్కుని క్లోన్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. దెబ్బ తిన్నదాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిస్తే మధ్యలోనే కూలబడొచ్చు. విండోస్ కొత్తగా వేయించి, డేటా ఒక్కటే తెచ్చుకోండి. పాతదాన్ని డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ అనే చట్రం పెట్టి ఇరికిస్తామన్నా వద్దనండి.

ఎస్ఎస్‌డీ వచ్చాక కార్లో కాపీ పెట్టుకోవచ్చు. అయితే కార్డ్ రీడర్ కేబుల్ కుదుపుకి ఊడకుండా చూసుకోండి, దిగాక ఫైళ్ళ లెక్క, సైజు సరిపోయాయో సరిచూసుకోండి. ఎస్ఎస్‌డీ కూడా పోతుంది, అదీ టిక్ టిక్ అని కూడా చెప్పకుండా. పోతే అందులోంచి తీయడం ఇంకా కష్టం. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కాబట్టి, రెండు చోట్ల కాపీ పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదన్నది రూలుగా పెట్టుకోండి. కెమెరాలో రెండు కార్డుల స్లాట్ ఉంటే రెండింటిలోనూ ఒకేసారి పడేలా పెట్టండి. రెండో కాపీ ఉన్న డిస్కు మీ బ్యాగులో కాకుండా అసిస్టెంట్ బ్యాగులో ఉండాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇలాంటిదే: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరవతల.

ఆఫీసులో ఉన్న మిగతా హార్డ్ డిస్కుల ఆరోగ్యం కూడా ఓసారి చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 అనే వరసలు ఉంటాయి. వాటి ఎదురుగా 'Raw Values' అనే గడిలో అన్నీ సున్నాలుంటే నిశ్చింత. సీ5లో సున్నా కానిది ఏదైనా కనపడితే కొన్ని చోట్ల చదవడం కష్టమవుతోందని అర్థం. ఆ అంకె రోజు రోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కుని పనిలోంచి తప్పించండి.

ఇక డేటా తీసుకున్నాక ఆ టిక్ టిక్ డిస్కుని ఎక్స్ఛేంజ్‌లోనో, పాత ఇనుప సామాన్ల వాడికో ఇచ్చేయకండి. ఎన్నో కుటుంబాల ఫోటోలు అందులో ఉన్నాయి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్ళెం ఎక్కువగా గాజుదే ఉంటుంది. మందపాటి గుడ్డలో చుట్టి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, సుత్తితో నాలుగు గట్టిగా వేయండి. ఊపితే గలగలమంటే పని అయినట్టే.